చౌడప్ప పెట్టిన పరీక్ష

1998వ సంవత్సరం. హిందూపురంలో బస్టాండు వెనక సందులో, ఒక టైలరు షాపుకీ ఎస్టీడీ బూత్‌కీ మధ్య పదడుగుల గదిలో మా కంప్యూటర్ సర్వీసు సెంటరు ఉండేది. సెంటరని బోర్డు మీద రాసుకున్నాం గానీ లోపల ఉండేది నేనొక్కడినే. ఇంజనీరూ నేనే, గుమాస్తానూ నేనే, పొద్దున్నే ఊడ్చేదీ నేనే. బెంగళూరులోని ఒక డీలరు అమ్మిన మిషన్లు చిలమత్తూరు నుంచి ధర్మవరం దాకా ఎక్కడ ఆగిపోయినా, సంచీ భుజాన వేసుకుని బస్సో ప్యాసింజరు రైలో ఎక్కి వెళ్ళడం నా ఉద్యోగం. ఆ రోజుల్లో మా వైపు కంప్యూటరు ఉన్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళేవాళ్ళు. దాన్ని బాగుచేసేవాడిని కాబట్టి ఆ గౌరవంలో నాకూ కాస్త వాటా దక్కేది. అది నా తలకెక్కిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ ఏడాది మొదట్లో ధర్మవరంలో పట్టుచీరలు నేయించే కొందరు కలిసి ఒక డిజైన్ గది పెట్టుకున్నారు. చీర అంచులో, కొంగులో కనిపించే మామిడి పిందెలూ నెమళ్ళూ హంసలూ అన్నీ మొదట గళ్ళ కాగితం మీద పుడతాయి. ఆ గళ్ళ ప్రకారం అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టల వరస మగ్గం మీదున్న జకార్డు అనే పరికరానికి ఏ పోగు లేపాలో ఏది వదలాలో చెబుతుంది. చేత్తో నెల పట్టే గీత పనిని కంప్యూటరు మీద వారంలో చేయొచ్చని విని మూడు కంప్యూటర్లు కొన్నారు. మూలన పెద్దది ఇంకొకటి, సర్వర్. ముగ్గురు గీసిన డిజైన్లూ కేబుల్ గుండా దాని దగ్గరికి చేరతాయి. అది వాటిని దాచుకుని, పక్కనున్న అట్టలు కొట్టే మిషన్‌కి అందిస్తుంది. సర్వర్ పడిపోయిందంటే గదంతా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

ఆ మూడు కుర్చీల్లో ఒకటి చౌడప్పది. అరవైకి దగ్గరపడిన మనిషి. ముప్పై అయిదేళ్ళు గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి నేశాడు. మోకాళ్ళు మొరాయించి మగ్గం దిగాక, గళ్ళ కాగితం మీద డిజైన్లు గీయడంలో ఆయనకున్న పేరు చూసి ఈ కుర్చీ ఇచ్చారు. మిగతా ఇద్దరూ డిగ్రీ చదివిన ఆడపిల్లలు. మొదటి వారం మౌస్ చౌడప్ప మాట వినలేదు. రెండో నెలలో ఆయన గీసిన హంసల బారు చూసి, మేనేజరు ఆదినారాయణ నన్ను పక్కకు పిలిచి, "ఈయప్ప చేతిలో ఏమో ఉండాదబ్బా" అన్నాడు.

సర్వర్ పెట్టిన రోజు ముగ్గురికీ నేనే పాఠం చెప్పాను. డిజైన్ పంపే ముందు పింగ్ చేసుకోండి అని నేర్పాను. పింగ్ అంటే అవతలి మిషన్‌ని "ఉన్నావా?" అని పలకరించడం. అది బాగుంటే "ఉన్నాను" అని జవాబిస్తుంది. నాకు తెలిసిందంతా చూపించాలన్న ఉబలాటం కదా, మామూలుగా ఆ పలకరింపులో ముప్పై రెండు అక్షరాలే పోతాయనీ, పక్కన ఒక అంకె వేస్తే దాన్ని ఎంత కావాలంటే అంత బరువు చేయొచ్చనీ చెప్పి, వెయ్యి వేసి చూపించాను. ఆడపిల్లలు ఆవులించారు. చౌడప్ప మాత్రం తన నోటుబుక్కు తీసి, ఆ ఇంగ్లీషు అక్షరాలను బొమ్మ దించినట్టు దించుకున్నాడు. ముసలాయన ముచ్చట అనుకుని నవ్వుకున్నాను.

ఉగాది దాటిన వారంలో సర్వర్ మొదటిసారి పడిపోయింది. చౌడప్ప ఒక కొత్త డిజైన్ పంపుతున్నాడు. అది సగంలో ఉండగా సర్వర్ తెర నిండా అంకెలు పరుచుకుని బిగుసుకుపోయింది. నేను వెళ్ళి ఆపి, మళ్ళీ లేపాను. మూడు వారాలకు మళ్ళీ అలాగే పడింది. మళ్ళీ చౌడప్పే, మళ్ళీ కొత్త డిజైనే. మూడోసారి పడేసరికి వైశాఖం, పెళ్ళిళ్ళ రోజులు. కొడుతున్న అట్టలు మధ్యలో పాడయ్యాయి. దాచిన డిజైన్లు కొన్ని చెదిరిపోయాయి. వాటిని తిరిగి నిలబెట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ అట్టల కోసం వచ్చిన నేతగాళ్ళు గుమ్మంలో నిలబడి నన్నూ చౌడప్పనూ మార్చి మార్చి చూశారు.

ఆదినారాయణకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమప్పా ఖాదరూ, ఇద్దరు పిల్లోల్లు పంపితే ఏమీ కాదు. ఈయన కుచ్చుంటే మిషన్ పండుకుంటాది. ఏం మాయో నువ్వే చెప్పు" అన్నాడు.

నేను చౌడప్ప వైపు తిరిగి, "ఏం చేశారు?" అని అడిగాను. అడగడం అనకూడదు దాన్ని, గదమాయించాను.

"నేను పరీక్ష చేసే పంపినా సారూ. మీరు నేర్పినట్లే చేసినా."

"సరే, సరే."

ఆ రెండు సరేలు ఇప్పటికీ నా చెవిలో మోగుతుంటాయి. ఏం పరీక్ష చేశారు, ఎలా చేశారు, ఒకసారి నా ముందు చేయండి అని అడిగి ఉంటే అయిదు నిమిషాల పని. అడగలేదు. ఆయన డిజైన్‌ని ఫ్లాపీలో ఎక్కించి నేనే సర్వర్‌కి పంపాను. చక్కగా వెళ్ళింది. కేబుల్ మార్చాను, నెట్‌వర్క్ కార్డు మార్చాను. అన్నీ బాగానే ఉన్నాయి. మిషన్లో తప్పు దొరకనప్పుడు మనిషిలో వెతకడం మా వృత్తిలో అందరికీ ఉన్న జబ్బు.

మేము వెళ్ళిన ప్రతి చోటా కాల్ రిపోర్ట్ అని ఒక కాగితం నింపాలి. సమస్య, కారణం, పరిష్కారం అని మూడు గళ్ళు ఉంటాయి. కారణం దగ్గర ఇంగ్లీషులో రెండే మాటలు రాశాను, ఆపరేటర్ ఎర్రర్ అని. అంటే మిషన్ది కాదు, నడిపినవాడిది తప్పు అని. సంతకం పెట్టి ఒక ప్రతి ఆదినారాయణ చేతికిచ్చి సాయంత్రం రైలుకి హిందూపురం వచ్చేశాను. మరునాడు చౌడప్పను ఇంటికి పంపేశారు. ఇంజనీరే రాసిచ్చాడు కదా అన్నారట.

ఆ తర్వాత పది రోజులు సర్వర్ గుండ్రాయిలా నడిచింది. ఆదినారాయణ ఫోను చేసి మెచ్చుకున్నాడు కూడా. నేను మురిసిపోయాను.

పదకొండో రోజు పొద్దున పక్క ఎస్టీడీ బూత్ అతను కేకేశాడు. ధర్మవరం నుంచి ఫోను. డిజైన్ గదిలోని ఇద్దరు ఆడపిల్లల్లో పెద్దది, శోభ.

"సార్, మళ్ళా పడిపాయ."

"ఎవరు పంపారు?"

"నేనే సార్. చౌడప్ప తాత సగం గీసిపెట్టిన కొంగు నేను పూర్తి చేసినా. తాత నోటుబుక్కు ఈడే సొరుగులో ఉండాది. కొత్త డిజైన్ ఎట్ల పంపాలో దాంట్లో వరసగా రాసుకున్న్యాడు. అట్లే చేసినా. తాత లేడు సార్, నేనే." తననూ ఇంటికి పంపేస్తారని భయం.

దొరికిన రైలెక్కి మధ్యాహ్నానికి ధర్మవరం చేరాను. శోభ నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. గళ్ళ పుస్తకం. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం, ముత్యాల్లా. కొత్త డిజైన్ పంపే పద్ధతి అని పైన తెలుగులో రాసి ఉంది. కింద నేను నేర్పిన పింగ్ మాట. దాని పక్కన బరువు అంకె. నేను వెయ్యి వేసి చూపించిన చోట ఆయన 65510 అని రాసుకున్నాడు. ఆ కింద మామూలు చిన్న పింగ్. దాని కింద, జవాబు వస్తే పంపాలి అని.

అరవై అయిదు వేల అయిదు వందల పది. ఆ అంకె ఎక్కడో చూసినట్టు అనిపించింది గానీ ఎక్కడో గుర్తు రాలేదు. సర్వర్‌ని లేపి పెట్టి, శోభను నోటుబుక్కు జోలికి పోవద్దని చెప్పి, చౌడప్ప ఇల్లు కనుక్కుని వెళ్ళాను.

వీధి పొడవునా మగ్గాల చప్పుడు. చౌడప్ప ఇంట్లో మాత్రం మగ్గం గుంట మీద పలకలు పరిచి ఉన్నాయి. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని పక్కింటివాళ్ళ కోసం కండెలకు దారం చుడుతున్నాడు. ఎండాకాలం, రేకుల ఇల్లు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. నెత్తిమీద ఫ్యాను ఉంది, తిరగడం లేదు. కరెంటు లేదేమో అనుకున్నాను. ఇంతలో ఆయన భార్య నాగమ్మ లోపలి నుంచి వచ్చి స్విచ్చి వేసింది. ఫ్యాను తిరిగింది.

"చూడప్పా," అంది నాగమ్మ నాతో, ఆయన వింటూ ఉండగానే. "నేను నీళ్ళకు పోతే వచ్చేదాంక ఇట్లే చెమటలు కక్కుకుంటా కుచ్చుంటాడు. పదిరోజులాయ స్విచ్చి ముట్టుకోక. లైటు ఎయ్యడు, రేడియో ఎయ్యడు. తన చెయ్యి మంచిది కాదంట. మిషన్లు చచ్చిపోతాయంట."

ఆపరేటర్ ఎర్రర్ అన్న రెండు మాటలు బెంగళూరు ఫైల్లోనో ఆదినారాయణ బీరువాలోనో పడి ఉంటాయనుకున్నాను. అవి ఇంత దూరం నడిచొచ్చి ఈ ఇంటి స్విచ్చిబోర్డు మీద కూర్చున్నాయి.

అంతవరకు ఆయన్ను పేరు పెట్టే పిలిచేవాడిని. ఆ రోజు పక్కన కింద కూర్చుని, "మామా, ఈ నంబరు ఎందుకు పెట్టినావు?" అని నోటుబుక్కు చూపించాను.

చౌడప్ప కండె పక్కన పెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని, అప్పుడు పుస్తకం పట్టుకున్నాడు.

"కొత్త పడుగు కట్టినప్పుడు మా నాయన దాని మీద ఇసక సంచీ పెట్టేవాడు సారూ. చీర నేసేటప్పుడు దాని మీద అంత బరువు ఎప్పటికీ పడదు. అయినా పెట్టేవాడు. ఒక పూట ఉంచేవాడు. తెగే పోగులు అప్పుడే తెగిపోవాల, జరీ ఎక్కినాంక తెగకూడదు అని. నేనూ అట్లే చేస్తి ముప్పై అయిదేండ్లు. మీరు బరువు నంబరు పెట్టొచ్చని చెప్పినారు గదా. కొత్త డిజైన్ అంటే కొత్త పడుగే గదా నాకు. వెయ్యి పెట్టి చూస్తి, ఏమీ కాల్యా. పెంచుకుంటా పోతి. ఒక నంబరు దాటితే మిషన్ వద్దంటాది. వద్దనకుండా తీసుకునే కడ నంబరు ఇది. అంత బరువుకు జవాబు రాదు. రాకపోనీ, మోస్తే చాలు అనుకుంటి. దాని వెనకాలే చిన్నది పంపితే జవాబు వచ్చె. తెగల్యా, ఇంక పంపొచ్చు అని పంపితి."

"సర్వర్ పడినప్పుడు దీనివల్లే అని అనుమానం రాలేదా?"

"రెండోసారికే వచ్చె. రాకుండా ఎట్లుంటాది?" ఆయన గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టంగా ఉంది. "అయితే పరీక్షలో తెగిందంటే పరీక్షది తప్పు కాదు గదా. దారంలోనే ఏదో ఉండాది. పరీక్ష చేసే పంపినా అని మీకు చెప్తి. తెగితే దారం మారుస్తారులే అనుకుంటి. మీరు మనిషిని మార్చినారు."

నేను తల దించుకున్నాను. నాగమ్మ కాఫీ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది. తిట్టి ఉంటే తేలికయ్యేది.

చౌడప్పే మళ్ళీ అన్నాడు. "అంత చదువుకున్నోడు కాగితం మీద రాసినాడంటే నా చేతిలోనే ఉండాదేమో అనిపించె సారూ. మోకాళ్ళు పోయె, సరే. చెయ్యి కూడా పోయెనేమో అనుకుంటి."

తిరుగు రైల్లో ఆ అంకెనే తలచుకుంటూ కూర్చున్నాను. పెనుకొండ స్టేషన్లో ఆగగానే ఏదో తోచి దిగిపోయాను. మా బావ వలీ అక్కడ పిల్లలకు కంప్యూటరు నేర్పే సెంటరు నడిపేవాడు. ఆయన దగ్గరున్న సర్వర్ కూడా అదే డీలరు అమ్మింది, నేనే పెట్టింది, లోపల నడిచే సిస్టమ్ కూడా అదే. పిల్లల క్లాసు అయిపోయేదాకా ఆగి, ఒక కంప్యూటరు ముందు కూర్చుని, నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు కొట్టాను. పెద్ద పింగ్. చిన్న పింగ్, దానికి జవాబు వచ్చింది. తర్వాత ఒక ఫైలు పంపాను. అది సగంలో ఉండగా వలీ సర్వర్ తెర నిండా అంకెలు పరుచుకుని బిగుసుకుపోయింది.

"ఏం చేసినావు బ్బా! పొద్దున పిల్లోల్లకు పరీక్ష ఉండాది!" అని వలీ నెత్తి పట్టుకున్నాడు.

"నేనేం చేయలేదు బావా. నోటుబుక్కులో ఉన్నట్టే చేసినా" అన్నాను. అన్నాక గానీ ఆ మాట ఎవరిదో తెలియలేదు. అక్కడే కూర్చుని నవ్వాను. మా బావ నాకు పిచ్చి పట్టిందనుకున్నాడు. నా చేతి కింద, పెనుకొండలో, మిషన్ పడిపోయింది. చౌడప్ప ఆ వేళ ధర్మవరంలో కండెలు చుట్టుకుంటున్నాడు.

హిందూపురం చేరి షాపు సొరుగు మొత్తం బోర్లించాను. టంకం తీగ కింద, పాత బిల్లుల కింద దొరికింది, ఏడాది కిందట బెంగళూరు నుంచి వచ్చిన జిరాక్సు కాగితం, దానికి గుచ్చిన ఫ్లాపీ. ఆ అంకె చూసింది అందులోనే.

కంప్యూటరు లోపల అన్నిటికీ అడుగున కూర్చుని మెమరీనీ డిస్కునూ కేబుల్నూ నడిపించే భాగాన్ని కెర్నల్ అంటారు. కేబుల్ మీద పెద్ద ఉత్తరం పంపాలంటే దాన్ని ముక్కలు చేసి, ఈ ముక్క ఫలానా చోట మొదలవుతుందని ఒక్కో ముక్క మీదా రాసి పంపుతారు. అవతలి కెర్నల్ వాటిని ఒక పలక మీద వరసగా అతుకుతుంది. ఆ పలక మీద అరవై అయిదు వేల అయిదు వందల ముప్పై అయిదు అక్షరాలకే చోటు. మా కెర్నల్ ఒక్కో ముక్క ఎక్కడ మొదలవుతుందో చూసుకునేది గానీ ఎక్కడ ముగుస్తుందో చూసుకునేది కాదు. చౌడప్ప పింగ్‌కి పైన వేసే చిరునామా వగైరా కలుపుకుంటే పలక కంటే సరిగ్గా మూడు అక్షరాలు ఎక్కువ. ఆ మూడూ పలక అంచు దాటి, కెర్నల్ ఇంకేదో రాసుకున్న చోట పడేవి. వెంటనే ఏమీ కాదు. కాసేపటికి, కెర్నల్ తన రాత తాను చదువుకోబోయినప్పుడు తికమకపడి కూలిపోయేది. ఆ కాసేపట్లోనే చౌడప్ప డిజైన్ పంపడం మొదలుపెట్టేవాడు.

పాస్‌వర్డ్ లేకపోయినా, ముందు కూర్చోకపోయినా, కేబుల్‌కి తగిలి ఉన్న ఏ మిషన్ నుంచైనా ఎవరైనా సర్వర్‌ని పడగొట్టొచ్చని ఆ కాగితం హెచ్చరిస్తోంది. ఆ ఎవరైనా అనే మనిషికి దాంట్లో పెట్టిన పేరు అటాకర్, అంటే దాడి చేసేవాడు. రేకుల ఇంట్లో చెమటలు కక్కుతూ ఫ్యాను స్విచ్చి ముట్టుకోని నా దాడిగాడు గుర్తొచ్చాడు. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఫ్లాపీలో ఉన్నది ప్యాచ్, చిరుగుకు వేసే మాసిక లాంటిది. ధర్మవరం సర్వర్ పెట్టిన రోజే వేయాల్సింది. నాలుగు గోడల మధ్య ఉన్న గది, బయటి ప్రపంచంతో సంబంధం లేదు, ఇక్కడికి దాడి చేయడానికి ఎవడొస్తాడు, బాగా నడిచే మిషన్‌ని ముట్టుకోవడం ఎందుకు అనుకుని సొరుగులో పడేశాను. బద్ధకానికి నేను పెట్టుకున్న పేరు అనుభవం.

మరునాడు ఫ్లాపీ పట్టుకుని వెళ్ళాను. ప్యాచ్ వేసి, కెర్నల్‌ని మళ్ళీ తయారుచేసి, సర్వర్ లేపేసరికి మధ్యాహ్నమైంది. అప్పుడు ఆదినారాయణతో, "చౌడప్పను పిలిపించండి. పరీక్ష ఆయనే చేయాలి" అన్నాను.

"ఎందుకప్పా మళ్ళా? పనిచేస్తాండాది గదా. నువ్వే చేసి చూసుకో."

"సర్వర్ ఆయన చేతి కింద నిలబడితేనే నేను సంతకం పెడతాను."

చౌడప్ప రానన్నాడట. శోభను తోడు తీసుకుని నాగమ్మే ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి అక్కడే నిలబడిపోయాడు. అట్టల కోసం వచ్చిన నలుగురైదుగురు నేతగాళ్ళు గోడవారన ఉన్నారు.

"వద్దు సారూ. మళ్ళా పడితే నా మొగం యాడ పెట్టుకోవాల?"

"పడితే తప్పు నాది మామా. ఇంతకు ముందు నాలుగుసార్లు పడిన తప్పు కూడా నాదే" అన్నాను, అందరికీ వినిపించేట్టు. పలక సంగతి, మూడు అక్షరాల సంగతి ఆయనకు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అంచు దాటి పడినాయన్న మాట. అంచు కాసుకోకుండా నేసినోడిది తప్పు," అన్నాడు. కెర్నల్ రాసినవాళ్ళ గురించి అంత సూటిగా ఇంకెవరూ చెప్పగా నేను వినలేదు.

కుర్చీలో కూర్చున్నాడు. నోటుబుక్కు తెరిచి పెట్టుకున్నాడు గానీ దాని వైపు చూడలేదు. ఒక్కో అక్షరం ఒక్కో వేలితో కొట్టాడు. 6, 5, 5, 1, 0. ఎంటర్ కొట్టే ముందు ఒకసారి నాగమ్మ వైపు చూశాడు. కొట్టాడు. జవాబు రాలేదు, రాదని మాకు తెలుసు. చిన్న పింగ్ కొట్టాడు. జవాబు వచ్చింది. తర్వాత శోభ పూర్తి చేసిన ఆ కొంగు డిజైన్ పంపాడు. నేను సర్వర్ తెర మీద నుంచి చూపు తిప్పలేదు. డిజైన్ మొత్తం వెళ్ళింది. అట్టలు కొట్టే మిషన్ టకటకమని మొదలైంది. చౌడప్ప కదలకుండా, మొదటి పది అట్టలు బయటికొచ్చేదాకా వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు.

"తెగల్యా," అన్నాడు. వెంటనే, "ఇంకొకసారి చేద్దునా?" అని అడిగాడు. నాలుగుసార్లు చేయించాను.

ఆ రోజు కాల్ రిపోర్ట్‌లో కారణం దగ్గర, ఇంజనీరు వేయాల్సిన ప్యాచ్ వేయలేదు అని నా పేరుతో రాశాను. ముందు ఇచ్చిన కాగితంలోని మాట తప్పని కూడా రాశాను. ఆదినారాయణ చదివి, నన్ను కిందా మీదా చూసి, "ఇది మీ బెంగళూరోళ్ళు చూస్తే నీ పని ఏమైతాది?" అన్నాడు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. వారం తర్వాత బెంగళూరు నుంచి ఫోనులో గట్టిగానే వడ్డించారు. ఉద్యోగం మాత్రం ఉంచారు. చౌడప్ప మాత్రం ఆ మధ్యాహ్నం నుంచే తన కుర్చీలో ఉన్నాడు.

ఆ తర్వాత ఎన్నో ఊళ్ళలో ఎన్నో సర్వర్లు పెట్టాను. 2006లో అదే గదిలో పాతది తీసి కొత్తది పెట్టినప్పుడు, కళ్ళు మసకబారి పని మానేసిన చౌడప్పను ఇంటి నుంచి పిలిపించి ఆయనతోనే బరువు పెట్టించాను. ఎక్కడైనా మిషన్ అప్పగించే ముందు దాన్ని రోజూ వాడబోయే మనిషిని నా కుర్చీలో కూర్చోబెట్టి, మీకు తోచినట్టు చేయండి అంటాను. పక్కన నిలబడి చూస్తాను. ఎవరైనా నేను సరిగ్గానే చేశానంటే, ఏం చేశారో చూపించమంటాను. కారణం గడి చివర నింపుతాను. ఇవన్నీ చౌడప్ప నేర్పినవే. కానీ ఇన్నేళ్ళ తర్వాత ఆ కేసు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది సర్వర్ కాదు.

ఆ రోజు పని ముగిశాక చౌడప్ప నన్ను ఇంటికి తీసుకెళ్ళాడు. నాగమ్మ మా కంటే ముందే వచ్చి పొయ్యి దగ్గర ఉంది. ఇల్లు ఉడికిపోతోంది. నేను గోడకు ఆనుకుని కూర్చుని చేతిరుమాలుతో విసురుకుంటున్నాను. చౌడప్ప నన్ను చూశాడు, పైన ఆగి ఉన్న ఫ్యానును చూశాడు. నాగమ్మను పిలుస్తాడనుకున్నాను. పిలవలేదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచి, గోడ పట్టుకుని స్విచ్చిబోర్డు దాకా నడిచి, వేశాడు. పొయ్యి దగ్గర నుంచి నాగమ్మ తల తిప్పి చూసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"గాలి వస్తాండాదా ఖాదరూ?" అని అడిగాడు చౌడప్ప. అంతకు ముందెప్పుడూ ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు.

వస్తోంది మామా, అన్నాను.